కట్టింగ్‌లో అన్నం మానేసి మాత్రలు మింగేవాళ్లకు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకటే గొడవ. కట్టింగ్ (కండ పోకుండా కొవ్వు తగ్గించుకోవడం) పేరుతో, కొవ్వు కరుగుతుందని ఎవరో చెబితే మాత్రో ఇంజెక్షనో మొదలుపెట్టడం, అదే రోజు నుంచి అన్నం మానేయడం, మూడో వారానికి జిమ్‌లో చేతులెత్తేయడం. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం. డాక్టర్ రాయని మందుకు డోసు ఎంత అని అడిగినవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, అది ఇక్కడ దొరకదు. తిండి గురించి, వ్యాయామం గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేడమ్, నా వయసు 26, బరువు 84 కిలోలు. జిమ్‌లో కోచ్ అన్న కట్టింగ్ కోసం క్లెన్ మాత్రలు ఇచ్చాడు, రోజూ వేసుకుంటున్నాను. అన్నం, రొట్టె పూర్తిగా బంద్. మొదటి వారంలో 3 కిలోలు తగ్గాను, తర్వాత ముల్లు కదలడం లేదు. చేతులు వణుకుతున్నాయి, పిక్కలు పట్టేస్తున్నాయి, స్క్వాట్‌లో ఎత్తే బరువు బాగా పడిపోయింది. మొన్న ఆదివారం మాత్ర వేసుకోకుండా చీట్ మీల్ అని బిర్యానీ, కూల్‌డ్రింక్ గట్టిగా లాగిస్తే రాత్రంతా గుండె దడ. క్లెన్ మీద ఉన్నప్పుడు కార్బ్స్ (పిండిపదార్థం) ఎంత, ఎప్పుడు తినాలి? – కూకట్‌పల్లి

తమ్ముడూ, ముందు ఆ 3 కిలోల సంగతి తేల్చుకుందాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. వారంలో 3 కిలోలంటే రోజుకి 3,300 కేలరీలు, అంటే నువ్వు అసలేమీ తినకుండా ఉన్నా కష్టమే. మరి ఏం పోయింది? నీ కండరాల్లో 400, 500 గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే దాచుకున్న పిండిపదార్థం, ఉంటుంది, కాలేయంలో ఇంకో 100 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు 3 గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది. అన్నం మానేసరికి ఆ నిల్వ ఖాళీ అయింది, నీళ్లూ పోయాయి, తిండిలో ఉప్పు తగ్గింది కాబట్టి ఇంకాస్త నీరు పోయింది. ముల్లు చూసి కోచ్ అన్న సంబరపడి ఉంటాడు. కొవ్వు పోయింది అందులో కొంచెమే.

ఇప్పుడు క్లెన్ గురించి. క్లెన్‌బ్యుటెరాల్ అనేది ఊపిరితిత్తుల గొట్టాలను వదులు చేసే మందు, కొన్ని దేశాల్లో ఆస్తమాకి వాడతారు, అమెరికాలో మాత్రం అనుమతి ఉన్నది గుర్రాలకి. ఇది శరీరంలో అడ్రినలిన్ చేసే పనినే చేస్తుంది, కొవ్వు కణాల నుంచి కొవ్వును బయటికి వదిలిస్తుంది, అది నిజమే. కానీ అదే సమయంలో కాలేయంలోనూ కండరాల్లోనూ ఉన్న గ్లైకోజెన్‌ని కూడా విరగ్గొట్టిస్తుంది. అంటే ఒక పక్క మందు గాదె ఖాళీ చేస్తుంటే, ఇంకో పక్క నువ్వు అన్నం మానేసి నింపడం ఆపేశావు. స్క్వాట్ పడిపోక ఏమవుతుంది? ఆపైన రెండు మూడు వారాలు వరసగా వాడితే మందు పట్టుకునే గ్రాహకాలు మొద్దుబారతాయి, కరిగించే ప్రభావం సన్నగిల్లుతుంది. అప్పుడే జిమ్‌లో అందరూ చేసే పని డోసు పెంచడం. నువ్వు ఆ పని చేయలేదు కదా?

ఆదివారం రాత్రి దడ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది "బిర్యానీ వేడి చేసింది" అని కొట్టిపారేస్తారు. క్లెన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల లోపలికి తోసేస్తుంది. పిక్కలు పట్టేయడానికీ అది ఒక కారణం కావచ్చు. వారమంతా పిండిపదార్థం లేకుండా ఉండి, ఒక్కసారిగా రెండు ప్లేట్ల బిర్యానీ, పైన కూల్‌డ్రింక్ పోస్తే ఇన్సులిన్ ఎగసిపడుతుంది. ఇన్సులిన్ కూడా పొటాషియాన్ని కణాల్లోకే తోస్తుంది. రెండూ ఒకే దిక్కుకి నెట్టేసరికి రక్తంలో పొటాషియం ఇంకా పడిపోతుంది, అది తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఆదివారం మాత్ర వేసుకోలేదు కదా అంటావేమో, ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. రోజూ వేసుకునేవాడికి ఒక్క ఆదివారం మానడం లెక్కలోకి రాదు. శనివారంది, శుక్రవారంది ఇంకా లోపలే ఉంటాయి.

కాబట్టి నీ ప్రశ్నకి సూటి జవాబు: క్లెన్ మీద ఉంటూ కార్బ్స్ సర్దుబాటు చేసుకోవడం అనేది లేదు. మాత్ర ఆపెయ్. ఒంట్లోంచి దాదాపు పూర్తిగా పోవడానికి వారం పైనే పడుతుంది. రేపే ఒక ఫిజిషియన్ దగ్గరికి వెళ్లి ఈసీజీ, రక్తంలో పొటాషియం, షుగర్ చూపించుకో, క్లెన్ వాడానని దాచకుండా చెప్పు. చెప్పకపోతే ఆయన నీకు టెన్షన్ అని రాసి పంపించేస్తాడు. పొటాషియం మాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కుని మింగొద్దు, ఎక్కువైనా గుండెకే ప్రమాదం. కూర్చుని ఉన్నప్పుడు కూడా దడ తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు బైర్లు కమ్మి పడిపోయినా అపాయింట్‌మెంట్ అదీ ఇదీ చూడకుండా 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి వెళ్లాలి.

ఈ వారంలో తిండి ఇలా: మూడు పూటలు ప్లస్ సాయంత్రం ఒకటి, నాలుగింటిలోనూ కొంచెం కొంచెం పిండిపదార్థం ఉండాలి, ఏ పూటా కుంభాలు లాగించొద్దు. పొద్దున మూడు ఇడ్లీ, సాంబారు, రెండు గుడ్లు. మధ్యాహ్నం వండిన అన్నం 150 గ్రాములు, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం అరటిపండు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, చికెన్ కూర. కొబ్బరినీళ్లు, మజ్జిగ, ఆకుకూరలు బాగా తీసుకో. కాఫీ వద్దు, జిమ్‌కి ముందు కలుపుకుని తాగే ప్రీ వర్కవుట్ డబ్బా అసలే వద్దు. ఈసీజీ బాగుందని డాక్టర్ చెప్పేదాకా నడక తప్ప ఇంకేమీ వద్దు. ఆయన సరేనన్నాక కూడా మొదటి వారం నీ మామూలు బరువుల్లో సగంతో, పరుగులు గంతులు లేకుండా.

ఆ తర్వాత అసలు కట్టింగ్. నీ బరువుకి రోజుకి 210 నుంచి 250 గ్రాముల పిండిపదార్థం, 135 నుంచి 165 గ్రాముల ప్రొటీన్ పెట్టుకో. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాములు ఉంటుంది, ఒక మోస్తరు అరటిపండులో 25. నువ్వే లెక్క వేసుకో, 250 అంటే అంత భయపడాల్సిన అన్నమేమీ కాదు. కాళ్ల వ్యాయామం ఉన్న రోజు 250, జిమ్ లేని రోజు 150 దాకా తగ్గించుకోవచ్చు. రోజు మొత్తంలో సగం జిమ్‌కి ముందు రెండు మూడు గంటల్లోనూ, జిమ్ అయ్యాక మొదటి భోజనంలోనూ పడేలా చూసుకో. వారానికి అర కిలో తగ్గితే చాలు. స్క్వాట్ బరువు నిలబడుతూ నడుము కొలత తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టే, తూకం యంత్రం ఏమన్నా పట్టించుకోకు.

ఎప్పుడైనా పోటీలకి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో మాట. క్లెన్‌బ్యుటెరాల్‌ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) పోటీల్లోనే కాదు, పోటీలు లేనప్పుడు కూడా నిషేధించింది. 2010 టూర్ డి ఫ్రాన్స్ సైక్లింగ్ గెలిచిన ఆల్బెర్టో కాంటడార్ శాంపిల్‌లో దొరికింది మిల్లీలీటరుకి 50 పికోగ్రాములు, పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. తిన్న మాంసంలోంచి వచ్చిందని ఆయన వాదించాడు. 2012లో టైటిల్ పోయింది, రెండేళ్ల నిషేధం పడింది.

ప్రశ్న: మా అమ్మ రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. అది వేసుకుంటే మెటబాలిజం పెరిగి అన్నం తిన్నా లావెక్కరని ఫ్రెండ్ చెప్పింది. నాకు థైరాయిడ్ లేదు. రెండు నెలలు వేసుకుంటే ఏమవుతుంది? – విజయవాడ

మొదటగా అమ్మకి మాత్రలు తక్కువ పడతాయి.

థైరాయిడ్ బాగున్న మనిషి బయటి నుంచి హార్మోను వేసుకుంటే, మొదట్లో మెదడు సొంత ఉత్పత్తిని తగ్గించేస్తుంది, కాబట్టి తక్కువ డోసుకి బరువు మీద ఏమీ జరగదు. ఏదన్నా జరిగేంత డోసు వేసుకున్నావంటే అది హైపర్ థైరాయిడ్ జబ్బుని కొని తెచ్చుకోవడమే: గుండె దడ, నిద్రలేమి, చెమటలు, కండ కరగడం, ఎక్కువ కాలమైతే ఎముకలు గుల్లబారడం. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది కాబట్టి తొడలు నీరసించి మెట్లెక్కడానికి ఆయాసపడతావు. ఈ మాత్రలు స్థూలకాయానికీ బరువు తగ్గడానికీ వాడకూడదని అమెరికాలో పెట్టె లోపలి కాగితం మీద చుట్టూ గీత గీసి మరీ హెచ్చరిక వేస్తారు. జిమ్‌లో తిరిగే టీ3 అనే లియోథైరోనిన్‌ది కూడా ఇదే కథ, ఇంకాస్త వేగంగా. ఇప్పటికే వేసుకుంటున్నట్టయితే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌కి చూపించు.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆన్‌లైన్‌లో డీఎన్‌పీ అని ఒక క్యాప్సూల్ దొరుకుతోంది. కార్బ్స్ తగ్గిస్తే ఒళ్లు వేడెక్కడం తగ్గుతుందట, జాగ్రత్తగా వాడితే పర్వాలేదట. ఎండాకాలం సెలవుల్లో మొదలుపెడదామని ఉంది. – గుంటూరు

వద్దు. ఇందులో "జాగ్రత్తగా" అనే మాటకి చోటు లేదు.

డీఎన్‌పీ, అంటే డైనైట్రోఫినాల్ అనేది పేలుడు పదార్థాల తయారీలో వాడిన పసుపు రంగు రసాయనం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికులు దాని బారిన పడి జ్వరంలా కాగిపోయి, చిక్కిపోయి, కొందరు చనిపోయారు. 1933 ప్రాంతంలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బరువు తగ్గడానికి వాడి చూసి రాశాక వేలమంది మింగారు, కొందరికి చిన్న వయసులోనే కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరు చనిపోయారు. 1938కల్లా అక్కడ మనుషులు తినదగింది కాదని తేల్చేశారు. బ్రిటన్‌లో 2023 అక్టోబరు నుంచి దీన్ని చట్టం ప్రకారం విషాల జాబితాలో పెట్టారు.

ఇది కణంలో తిండి నుంచి శక్తి తయారయ్యే చోట అడ్డుపడి ఆ శక్తిని వేడిగా వదిలేస్తుంది. ఆ వేడిని పారాసిటమాల్ దించలేదు, ఎందుకంటే ఇది మెదడు పెంచిన జ్వరం కాదు. విరుగుడు మందు లేదు. కార్బ్స్ ఎక్కువ తింటే వేడి ఎక్కువ తెలుస్తుందని వాడినవాళ్లు చెప్పుకునేది నిజమే అనుకుందాం, దాన్నిబట్టి అన్నం తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుందని ఎలా అంటారు? ఒంట్లోకి వెళ్లిన మందు అలాగే ఉంటుంది, నీకు తెలియడం మాత్రమే తగ్గుతుంది. పైగా మే నెల గుంటూరులో. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరని ఊళ్లో, శరీరం వేడిని బయటికి వదలడానికి దారే లేని రోజుల్లో. ఆర్డర్ పెట్టి ఉంటే క్యాన్సిల్ చెయ్. ఒక్కటైనా మింగి ఉంటే బాగానే ఉందనిపించినా సరే, ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 47. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మూడు నెలల క్రితం డాక్టర్ గారు వారానికోసారి తీసుకునే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. 88 నుంచి 80 కిలోలకి వచ్చాను. మా అబ్బాయి జిమ్‌లో చేర్పించాడు, సాయంత్రం ఆరింటికి బరువులు ఎత్తుతాను. ఆకలి వేయదు కాబట్టి మధ్యాహ్నం రెండు ముద్దలు తిని ఊరుకుంటున్నాను, అన్నం దాదాపు లేదు. ఈమధ్య జిమ్‌లో చెమటలు పట్టి, కాళ్లు వణికి, కళ్లు తిరుగుతున్నాయి. ఇంజెక్షన్ పడటం లేదా? – విశాఖపట్నం

అమ్మా, మీ పరిస్థితి పైవాళ్లకి పూర్తిగా వేరు. మీది డాక్టర్ రాసిన మందు, అవసరమున్న మందు. ఇబ్బంది ఎక్కువగా ఇంజెక్షన్‌ది అయ్యుండదు, గ్లిమెపిరైడ్‌ది అయ్యుండొచ్చు. ఆ మాత్ర మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని వదిలిస్తూనే ఉంటుంది. ఇంతకుముందు మీరు రెండు పూటలా అన్నం తింటున్నప్పుడు రాసిన డోసు అది. ఇప్పుడు తిండి సగమైంది, బరువు 8 కిలోలు తగ్గింది, పైన సాయంత్రం కండరాలు చక్కెరను లాగేసుకుంటున్నాయి. షుగర్ కింద పడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

జిమ్ బ్యాగులో గ్లూకోమీటర్ పెట్టుకోండి. వణుకు మొదలవగానే చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. చాక్లెట్, బిస్కెట్ వద్దు, అందులోని నూనె వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది, అసలే ఈ ఇంజెక్షన్ కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది. చేతిలో మీటరు లేకపోతే ముందు పంచదార, తర్వాత పరీక్ష. ఆ రోజుకి ఇక బరువులు వద్దు, ఇంటికి వెళ్లడానికి స్కూటీ కూడా మీరు నడపొద్దు. ఆ రీడింగులు రాసుకుని ఈ వారంలోనే డాక్టర్ గారికి చూపించండి, గ్లిమెపిరైడ్ తగ్గించాలో మానేయాలో ఆయన చెబుతారు. మీ అంతట మీరు మార్చొద్దు. కానీ ఫోన్ చేయడానికి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగనక్కర్లేదు.

తిండి విషయానికొస్తే, ఆకలి లేదు కదా అని వదిలేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. టిర్జెపటైడ్ పెద్ద పరీక్షలో స్కాన్ తీసి చూస్తే తగ్గిన బరువులో ముప్పావు వంతు కొవ్వు, పావు వంతు కొవ్వు కానిది. బరువులు ఎత్తడం ఆ పావుని తగ్గించుకోవడానికే, కాబట్టి జిమ్ మానొద్దు, వారానికి మూడు రోజులు చాలు. రోజుకి ఐదుసార్లు చిన్న చిన్నగా తినండి. ప్రతిసారీ ముందు ప్రొటీన్: గుడ్డు, చేప, పెరుగు, పెసరట్టు ఏదైనా. పక్కన కొంచెం పిండిపదార్థం: చిన్న గిన్నెడు అన్నం, ఒక పుల్కా, పిడికెడంత రాగి సంగటి. రోజు మొత్తానికి పిండిపదార్థం 120, 130 గ్రాములు ఉండేలా చూసుకోండి. ప్రొటీన్ ఎంత అనేది మాత్రం కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్ చూశాక డాక్టర్ గారితో మాట్లాడి తేల్చుకోండి, పదేళ్ల షుగర్ ఉంది కాబట్టి చెబుతున్నా.

ఆరింటి జిమ్‌కి నాలుగున్నరకి రెండు ఇడ్లీ పల్చటి సాంబారుతో తినండి. నెయ్యి, కొబ్బరి పచ్చడి ఆ పూటకి పక్కన పెట్టండి, కడుపులో బరువుగా నిలిచిపోయి వంగినప్పుడల్లా వాంతి వచ్చేలా ఉంటుంది. ఇంజెక్షన్ వేసుకున్న మరుసటి రోజు వికారం ఎక్కువుంటే ఆ రోజు నడకతో సరిపెట్టండి. వాంతులు అవుతుంటే వ్యాయామం ఏదీ వద్దు. మీ అబ్బాయికి షుగర్ పడిపోతే ఏం చేయాలో నేర్పించండి, జిమ్‌లో ట్రైనర్‌కి కూడా.

ప్రశ్న: అక్కా, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 65 కిలోలు. బరువు తగ్గితే 1600 మీటర్లు ఈజీ అని నెల రోజులుగా అన్నం మానేసి, ఫ్యాట్ బర్నర్ వేసుకుని పరగడుపున పరిగెత్తుతున్నాను. టైమింగ్ మెరుగవకపోగా దిగజారింది, మూడో రౌండ్‌కే కాళ్లు రాయిలా అయిపోతున్నాయి. గ్రౌండ్‌లో ఒకతను రన్నింగ్‌కి ముందు మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ వేసుకో, అలుపే తెలియదు అంటున్నాడు. – వరంగల్

తమ్ముడూ, ఆ ఇంజెక్షన్ ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చినప్పుడు రోగి బీపీ పడిపోతే మత్తు డాక్టర్ వాడేది. బీపీ బాగున్న మనిషి వేసుకుని 1600 మీటర్లు పరిగెత్తడమంటే బీపీని ఎక్కడికి తీసుకెళ్తున్నట్టు? అలవాటు పడినవాళ్లకి నిద్ర పట్టక, లేనిపోని అనుమానాలు మొదలై మానసిక వైద్యుల దాకా వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఇంకో సంగతి, జిమ్‌ల చుట్టూ వీటిని అమ్మేవాళ్లని తెలంగాణలో పోలీసులు, డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పట్టుకుంటూనే ఉన్నారు. పోలీస్ ఉద్యోగం కోసం పరిగెత్తేవాడి పేరు అలాంటి కేసులో ఎక్కితే ఇక పరుగు దేనికి?

కాళ్లు రాయిలా అవడానికి కారణం నువ్వే రాశావు, అన్నం మానేశానని. ఆరేడు నిమిషాలు దమ్ము బిగబట్టి పరిగెత్తే పరుగుకి కండరాలు వాడేది ప్రధానంగా గ్లైకోజెన్‌నే. కొవ్వు అంత వేగంగా శక్తినివ్వలేదు. ఎంత ఫ్యాట్ బర్నర్ మింగినా ఇవ్వలేదు, అది లోపల చేసేది చాలావరకు కెఫీన్ పనే, పైన లేబుల్ మీద రాయనివి ఏం కలిపారో తెలియదు. ఆకలి చంపే సిబుట్రమిన్‌ని గుండె ముప్పు వల్ల మన దేశంలో 2011లో నిషేధించారు, అయినా "హెర్బల్" స్లిమ్మింగ్ డబ్బాల్లో అది కలిసి దొరికిన ఉదంతాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆ డబ్బా పక్కన పడెయ్.

65 కిలోలకి నీకు తగ్గాల్సిన బరువు ఏమంత ఉందో నాకు అర్థం కాలేదు. ఒకవేళ రెండు కిలోలు తగ్గాలనుకున్నా అది ఈవెంట్స్‌కి నెల ముందే ముగించెయ్. ఆఖరి నెలలో కడుపు నిండా తినాలి. రోజుకి 325 నుంచి 390 గ్రాముల పిండిపదార్థం: అంటే రెండు పూటలా నిండుగా అన్నం, పొద్దున ఇడ్లీయో ఉప్మానో, సాయంత్రం అరటిపండ్లు, పాలు. వేగంగా పరిగెత్తే రోజు పరగడుపున వద్దు. నెమ్మదిగా నలభై నిమిషాలు జాగింగ్ చేసే రోజు పరగడుపున వెళ్లినా నష్టం లేదు. వారానికి రెండు రోజులే గట్టిగా, 400 మీటర్లు నాలుగైదు సార్లు మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగుతూ. మిగతా రోజులు మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా.

ఈవెంట్ ముందురోజు రాత్రి అన్నం, పప్పు, పెరుగు తిని తొందరగా పడుకో. మాంసం, మసాలా, వేపుళ్లు వద్దు. తెల్లవారుజామున పిలుస్తారు, ఎండలో గంటలు గంటలు లైన్లో నిలబెడతారు, నీ నంబరు ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే రెండు అరటిపండ్లు, ఒక గ్లూకోజ్ ప్యాకెట్, లీటరు నీళ్లు బ్యాగులో ఉంచుకో. బయల్దేరే ముందు మూడు ఇడ్లీ తిను. పరుగుకి ఇంకో గంట ఉందనిపించినప్పుడు ఒక అరటిపండు. కాఫీ రోజూ తాగే అలవాటుంటే ఒక్క కప్పు తాగు, లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకు, లైన్లో ఉండగా బాత్‌రూమ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.